ఎదురు చాప

తునికిబండ తండా,
బూర్గంపాడు అవతల.
దసరా వెళ్లిన వారం.

బావా,

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. మా తండాలో బడి డాబా ఎక్కితే తప్ప ఫోనుకు సిగ్నల్ అందదు. డాబా మీద నిలబడి మాట్లాడితే ఖమ్మంలో ఉన్న నీకంటే ముందు తండాకు వినబడుతుంది. నేను అడగబోయేది మీ చెల్లెలు సోమ్లి చెవిన పడకూడదు. అందుకే పామాయిల్ గెలల ట్రాక్టరుతో మిల్లుకు వచ్చినప్పుడు అశ్వారావుపేటలో ఈ కవరు పోస్టు చేస్తున్నాను.

నువ్వు జీవితమంతా తెలుగు పంతులుగా పనిచేసి రిటైరైనవాడివి. ఆశ్రమ పాఠశాలలో నా పక్క బెంచీ మీద కూర్చుని నా తప్పులు దిద్దడంతోనే ఆ ఉద్యోగం మొదలుపెట్టావు. ఇప్పుడు ఒక మాటకు అర్థం చెప్పు. ఏకగ్రీవం. ఎక్కడ పుట్టింది, ఎందుకలా అంటారు, అది చెడిపోవాలంటే ఏం జరగాలి?

సంగతేమిటంటే, పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయి. మా సర్పంచి సీటు ఈసారి ఆడవాళ్లకు వచ్చింది. మండలాఫీసు నుంచి ఒక సారు వచ్చి, కొట్లాటలు లేకుండా ఏకగీవం చేసుకోండి, సర్కారు నజరానా ఉంటుంది అని చెప్పి, మజ్జిగ తాగి వెళ్లాడు. ఆయన జీపు వాగు దాటకముందే తండా అంతా ఒకే పేరు అంది. సోమ్లి. వాగు పొంగినప్పుడల్లా అంబులెన్సు అవతలే ఆగిపోతుంటే, వంతెన కోసం ఎన్నేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతోందో నీకు తెలుసు. సర్పంచి సంతకం లేక ఆగింది గానీ, లేకపోతే ఆ వంతెన ఆమే కట్టేసేది. తన పేరు వినగానే ఇంటికి వచ్చి రెండుసార్లు టీ పెట్టింది. అంటే చాలా సంతోషంగా ఉందని అర్థం.

చిక్కల్లా ఎదురు చాపతో వచ్చింది. మీ తండాలో ఈ పద్ధతి లేదు. మా పెళ్లి మాటలప్పుడు మావాడొకడు ఈతాకు చాప వేసుకుని అందరికీ ఎదురుగా కూర్చుని, పిల్లవాడు తిండిపోతు అని నన్ను తిట్టడం చూసి నువ్వు విరగబడి నవ్వావు, గుర్తుందా? అదే. తండాలో ఏ పెద్ద మాట తేలాలన్నా ఒకరు ఆ చాప మీద కూర్చుని అడ్డం చెప్పాలి. ఇంకెవరైనా దానికి జవాబు చెప్పాలి. జవాబు నచ్చాక అడ్డం చెప్పినవాడే లేచి తన చేత్తో చాప మడవాలి. అప్పుడే మాట తేలినట్టు. రేపు ఎవడూ ‘నేనప్పుడే అన్న’ అనకుండా మా తాతలు పెట్టిన ఏర్పాటు. చాప ఒక్కో మాటకు ఒక్కో ఇంటికి వెళుతుంది. వంతు మార్చుకోకూడదు.

ఇప్పుడు ఆ చాప మా ఇంటి గోడకు వేలాడుతోంది.

నీ బావ
లాలు


ఖమ్మం, మామిళ్లగూడెం.

బావకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వడానికి, రెండోసారి అక్షరదోషాలకు. రెండోచోట ‘గ్రీవం’లో ఉండాల్సిన రావత్తు నువ్వు వాగులో వదిలేసి వచ్చావు.

గ్రీవం అంటే మెడ. ఏకం అంటే ఒకటి. అందరికీ కలిపి ఒకటే మెడ అన్నమాట. ఎందుకు మెడే కావాల్సి వచ్చిందని అడుగుతావు. నేనూ చాలాకాలం ఆలోచించాను. దీనికి దగ్గర చుట్టం ఒకటుంది, ఏకకంఠం. అందరూ ఒకే గొంతుతో అనడం. కంఠం లోపలిది, అది అరుస్తుంది. గ్రీవం బయటిది, అది తలను మోస్తుంది, అవసరమైతే ఊపుతుంది. మన సభల్లో అరిచేవాళ్లకంటే ఊపేవాళ్లు ఎక్కువ కాబట్టి గ్రీవమే గెలిచి ఉంటుంది.

ఇక పుట్టుక. పాత రెండు తలల పక్షి కథ చిన్నప్పుడు మనిద్దరం విన్నదే. కడుపు ఒకటే, మెడలు వేరు. ఒక తలకు తియ్యటి పండు దొరికితే రెండోదానికి పెట్టలేదు. ఆ కోపంతో రెండో తల విషపు కాయ తినేసింది. కడుపు ఒకటే కాబట్టి రెండూ పోయాయి. వేరు వేరు మెడలవాళ్లు చెడిపోయారు గనక, బాగుపడాలంటే ఒకటే మెడ ఉండాలని ఎవరో ఆ మాటను తిప్పి కట్టి ఉంటారని నా ఊహ. ఊహే సుమా. దీనిమీద ఎవరైనా వాదానికి వస్తే నా పేరు చెప్పకు.

అయితే ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఒకే మెడ మీద అన్ని తలలుంటే ఏమవుతుందో భద్రాచలం పక్కనుండే నీకు నేను చెప్పాలా? లంకలో ఉన్నాయనకు పది తలలు. ఒక్క తలన్నా ‘ఇది తప్పురా’ అన్నట్టు నేను ఎక్కడా వినలేదు. పదీ ఊగాయి. పదీ పోయాయి.

నా అనుభవం కూడా చెబుతాను. మొన్న మా విశ్రాంత ఉపాధ్యాయుల సంఘానికి నన్ను ఏకగ్రీవంగా కోశాధికారిగా ఎన్నుకున్నారు. ఆ రోజు నేను ఊళ్లో లేను.

అందుచేత నీ చాపకు భయపడకు. నువ్వు అడ్డం చెబుతావు, ఎవరో జవాబిస్తారు, నువ్వు మడుస్తావు. మడిచాక అది నికార్సయిన ఏకగ్రీవం. మడవకముందు అందరూ సరే అన్నది మూకుమ్మడి నిద్ర. మీ తాతలు నా కంటే పెద్ద పంతుళ్లు.

సోమ్లికి నేనేమీ చెప్పను. అయినా అది నన్ను అడగదు. నా జవాబులు మరీ పొడుగంటుంది.

వీరన్న


తునికిబండ తండా,
కార్తీకం.

బావా,

ఎన్నికలు వస్తాయన్నారు, ఆగాయన్నారు, మళ్లీ వస్తున్నాయన్నారు. ఆగినన్నాళ్లు నేను హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు నామినేషన్లు ముంచుకొస్తున్నాయి. దానికి ముందురోజు తండా కూర్చుంటుందని మా నాయక్ పూల్‌సింగ్ చాటింపు వేయించాడు.

నువ్వు భయపడకు అన్నావు. నీకేం, ఖమ్మంలో ఉన్నావు. చాప మీద తేలిక మాట చెప్పకూడదు బావా, అబద్ధమూ చెప్పకూడదు. ఒకప్పుడు బోరు ఎక్కడ వేయాలన్న మాట మీద భీమ్లా కూర్చున్నాడు. ఆయనకు ఏమీ తోచక, ‘చప్పుడుకు కోళ్లు బెదురుతయ్’ అన్నాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వి చాప మడిచాడు. బోరులో నీళ్లు పడలేదు. గట్టిగా అడ్డం చెప్పి ఉంటే ఇంకోచోట చూసేవాళ్లమని ఇప్పటికీ తండా ఆయననే తిడుతుంది. ఇప్పటికీ ఆయన కోడిమాంసం వడ్డిస్తే ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు.

కాబట్టి సోమ్లి మీద నిజమైన, బరువైన తప్పు ఒకటి చెప్పాలి. నాకు తెలిసిన తప్పులన్నీ ఇంటివి. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని ఎన్ని ముద్దలైనాయో చూస్తుంది. ట్రాక్టరు డీజిల్ లెక్క అడుగుతుంది. ఇవి పంచాయతీకి పనికిరావు. మరీ గట్టివి చెబితే రేపటి నుంచి వంట నేనే చేసుకోవాలి.

భయమేసేది ఇంకోటి ఉంది. తను నన్ను ఒక్క మాటా అడగడం లేదు. చాపను గోడ మీంచి దింపి, దుమ్ము దులిపి, ఎండలో వేసి, మళ్లీ తగిలించింది. ‘కూర్చునేటోడివి శుభ్రమైన దాని మీద కూర్చో’ అంది. అంతే. తనకు ఇది కావాలి బావా. నోరు తెరిచి అడగదు గానీ, సంతకం ప్రాక్టీసు చేస్తోంది. పాత క్యాలెండర్ వెనకంతా దాని పేరే.

దాన్ని చిన్నప్పటి నుంచి ఎరిగినవాడివి. తప్పులా ఉండి తప్పు కానిది ఒకటి చెప్పు. ఆమెకు ఇది దక్కాలి, నాకు ఇల్లు దక్కాలి.

లాలు


ఖమ్మం.

బావకు,

ఇన్నాళ్లకు నా చదువుకు ఒక పని దొరికింది. నువ్వు అడిగింది మన అలంకారాల్లో ఉంది. దాని పేరు వ్యాజస్తుతి. పైకి నింద, లోపల పొగడ్త. పదో తరగతిలో ఏటేటా చెప్పేవాణ్ని. పిల్లలు ఉదాహరణ రాసేవాళ్లు గానీ, నిజజీవితంలో ఇది ఎవరికైనా అక్కరకు వస్తుందని నేను కూడా అనుకోలేదు.

ఇలా చెప్పు. ‘ఈమెకు అబద్ధం చెప్పడం రాదు. ఉపాధి పనుల్లో మేట్‌గా ఉన్నప్పుడు సొంత మరిది పనికి రాకపోతే పేరు రాయలేదు. మనిషిని చూసి మాట మార్చదు. చుట్టమైనా, పొరుగైనా ఒకటే లెక్క. ఇలాంటి మనిషిని తెచ్చి నెత్తిన పెట్టుకుంటారా?’ అను. అన్నాక కాసేపు ఆగు. ముందు వరస వాళ్లు ముసిముసిగా నవ్వుతారు. ఎవరో ఒకరు లేచి, ‘మాకు ఇట్లాంటి మనిషే కావాలె’ అంటారు. నువ్వు ఓడిపోయినట్టు మొహం పెట్టి చాప మడువు. తప్పు చెప్పినట్టూ ఉంటుంది, అబద్ధం ఆడినట్టూ ఉండదు, భార్యను పొగిడినట్టూ ఉంటుంది. ఒక్క రాయికి మూడు పిట్టలు.

ఒకటే జాగ్రత్త. ముఖం గంభీరంగా పెట్టు. నువ్వు నవ్వితే అలంకారం చెడుతుంది.

సోమ్లి ఏడో తరగతితో బడి మానేసిన రోజు నాకు బాగా గుర్తుంది. పుస్తకాలు నా పెట్టెలో పెట్టి, నువ్వు చదువు అన్నా, మనిద్దరిలో ఒకరికి వస్తే చాలు అంది. దానికి ఏదైనా దక్కితే ఈ వయసులో నేను సంతోషపడినంత ఎవరూ పడరు. కాబట్టి పాడు చేయకు.

వీరన్న


తునికిబండ తండా.

బావా,

నవ్వలేదు. నేనూ నవ్వలేదు, తండా కూడా నవ్వలేదు.

నిన్న గెలలు తూచే కాంటా షెడ్డులో అందరూ కూర్చున్నారు. నేను చాప పరుచుకుని ఎదురుగా కూర్చున్నాను. సోమ్లి ఆడవాళ్ల ముందు వరసలో ఉంది. పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. పూల్‌సింగ్ లేచి, ‘సోమ్లిని పెడ్తున్నం. ఎదురేందో చెప్పు లాలూ’ అన్నాడు. నువ్వు రాసిన మాటలన్నీ వరసగా చెప్పాను. ఒకటీ మరిచిపోలేదు. మా తమ్ముడి హాజరు సంగతి కూడా చెప్పాను. ‘నెత్తిన పెట్టుకుంటరా’ అని ఆగాను, నువ్వు చెప్పినట్టే.

పూల్‌సింగ్ గడ్డం గోక్కున్నాడు.

‘అవ్, లాలు చెప్పేది నిజమే కదా’ అన్నాడు.

ఆడవాళ్లలోంచి హేమ్లి లేచింది. ‘నిరుడు నా కోడలు పుట్టింటికి పోయింది. మహిళా సంఘం మీటింగుకు వచ్చినట్టు రాయమంటే రాయలే. రేపు సర్పంచి అయితే ఇంకేం ఉంటది?’ అంది. తరవాత భీమ్లా. ‘నా కొట్టం సగం దారి మీదికి వచ్చిందని ఇప్పటికే రెండుసార్లు అన్నది. సర్పంచి అయితే కొట్టం పీకిస్తది.’ మా తమ్ముడు లేవబోతుంటే నేనే కళ్లతో ఆపాను. అయినా లేచాడు. ‘గింత మంచి మాట ముందుగాల ఎవరం ఆలోచించలేదేంది?’ అని వెనక నుంచి ఎవరో అన్నారు. భీమ్లా అయితే నా చెయ్యి పట్టుకుని, ‘నువ్వు నా లెక్క తేలిక మాట చెప్పలే, తండాను కాపాడినవ్’ అన్నాడు.

జవాబు చెప్పాల్సిన ఒక్కరూ జవాబు చెప్పలేదు బావా. మా తండా పుట్టినప్పటి నుంచి చాప మీద కూర్చున్నవాడు గెలవడం ఇదే మొదలు.

ఇక పూల్‌సింగ్, ‘అట్లయితే మా కోడలు సోనిని పెడదాం. సోని అందరి మాట వింటది’ అన్నాడు. తలలన్నీ ఊగాయి. నువ్వు రాసింది కళ్లారా చూశాను. ఒక్క మెడ, అన్ని తలలు. సోని తల మాత్రం దించుకుని ఉంది, ఊగిందో లేదో తెలియలేదు.

సోమ్లి లేచింది. కొంగు సర్దుకుని నా వైపు ఒకసారి చూసి ఇంటికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

లాలు


ఖమ్మం.

బావా,

రాత్రి అన్నం సయించలేదు. బళ్లో ఏటేటా చెప్పిన పాఠంలో ఒక ముక్క నేనే మరిచిపోయాను. నింద లోపల పొగడ్త ఉందని తెలియాలంటే, వినేవాళ్లకు అది పొగడ్తలా కనబడాలి. అబద్ధం చెప్పకపోవడం గొప్ప అని నేను అనుకున్నాను. మీ తండాను అడగలేదు. మా తండాను అడిగినా ఇదే జవాబు వచ్చేదనుకుంటాను. మా ఉపాధ్యాయ సంఘం సంగతి అసలే చెప్పక్కరలేదు, నన్ను కోశాధికారిగా పెట్టుకున్నది నేను లెక్కలు చూడనని తెలిసే.

తప్పు నాదే. కానీ కూర్చుని చెప్పినవాడివి నువ్వు కాబట్టి నీమీదే కోపం వస్తోంది. వెళ్లి దాని కాళ్లు పట్టుకో. నా పేరు చెప్పకు.

ఇంకో సంగతి. అందరి మాట రాశావు గానీ, ఆ చాప నువ్వు మడిచావో లేదో రాయలేదు. మడిస్తే దాని పేరు కొట్టేసినట్టే కదా. మడిచావా?

వీరన్న


తునికిబండ తండా.

బావా,

మోకాళ్లు విపరీతంగా నొప్పి. ఆరోజు కాస్త ఎక్కువసేపు కూర్చున్నాను. బూర్గంపాడు దవాఖానాలో మాత్రలు ఇచ్చారు. చాప సంగతి తరవాత రాస్తాను.

కొత్త కబురు. సోమ్లి నామినేషన్ వేసింది. ఎవరినీ అడగలేదు. మర్నాడు నన్ను కూడా లేపకుండా వెళ్లి వేసి వచ్చింది. పూల్‌సింగ్ మండిపడుతూ కోడలి చేత కూడా వేయించాడు. దాంతో ఏకగ్రీవం వాగులో కలిసింది. నజరానా పోయిందని తండాలో సగం మంది సోమ్లిని తిడుతున్నారు, మిగతా సగం నన్ను తిడుతున్నారు. ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా వంతులు మార్చుకుంటున్నారు.

సోనికి ఉంగరం గుర్తు వచ్చింది, మీ చెల్లెలికి కత్తెర. ఎవరు ఇచ్చారో గానీ మనిషిని చూసి ఇచ్చినట్టుంది.

ప్రచారం ఇలా సాగుతోంది. పూల్‌సింగ్ కోడలిని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరుగుతాడు. ఆయన మాట్లాడతాడు, సోని నవ్వుతుంది. ఒకరోజు తిరిగి వచ్చేటప్పుడు సోని ఒక్కతే మా ఇంటి ముందు ఆగి సోమ్లితో, ‘అక్కా, నాకు వద్దే. మామతోటి అంటే వినడు. ఆ ఆఫీసుల్ల నాకు ఏడుపొస్తది’ అని చెప్పి వెళ్లింది. సోమ్లి ఒంటరిగా తిరుగుతుంది. ఓటు అడగదు. ‘వంతెన కడ్త. కొట్టాలు పీకిస్త. దొంగ హాజర్లు రాయ. ఇష్టముంటే వెయ్యున్రి’ అంటుంది. బావా, నాకు ప్రచారం గురించి తెలియదు గానీ, ఇది గెలిచే పద్ధతి కాదని నాకు కూడా తెలుసు. ‘కొట్టాల మాట గెలిచినంక చెప్పరాదే’ అన్నాను. ‘నువ్వే కదా అందరి ముందు చెప్పినవ్, నాకు అబద్ధం రాదని’ అంది.

నాతో మాట్లాడుతోంది అన్నందుకు సంతోషించాను. ముద్దలు మాత్రం లెక్కపెట్టడం మానేసింది. అదే బాధగా ఉంది.

లాలు


తునికిబండ తండా,
ఓట్ల మర్నాడు.

బావా,

కూర్చున్నావా? కూర్చో.

మధ్యాహ్నం దాకా ఓట్లేశారు, భోజనాలయ్యాక బళ్లోనే లెక్కపెట్టారు. మొదటి కట్ట విప్పారు, అంతా కత్తెర. ఏదో ఒకే ఇంటి ఓట్లు కలిసి వచ్చాయనుకున్నాం. రెండో కట్ట, కత్తెర. మూడోదీ అంతే. పూల్‌సింగ్ కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. చివరికి తండా మొత్తంలో ఉంగరం మీద పడింది ఒక్క ఓటు. ఒక్కటే బావా. మిగతావన్నీ మీ చెల్లెలివి.

ఇంతకంటే వింత, ఎవరూ వేయలేదు. హేమ్లిని అడిగితే, ‘నేనెట్ల వేస్త, నా కోడలి హాజరు రాయలేదాయె’ అంటుంది. భీమ్లాను అడిగితే కొట్టం చూపిస్తాడు. ఒక్కొక్కరు విడిగా వచ్చి, మిగతావాళ్లంతా ఎట్లా వేశారో అర్థం కావడం లేదని నాతో అంటున్నారు. భీమ్లా ఒక్కడే కల్లు తాగాక నిజం చెప్పాడు. ‘నా కొట్టం పీకితే పీకనీ లాలూ. పక్కోడిది కూడా పీకుతది కదా. ఇంకెవరొచ్చినా నాదే పీకి వానిది ఇడిసిపెడ్తరు’ అన్నాడు. పగలు అందరి ముందు ఊపిన మెడ వేరు, అట్ట చాటున గుద్దిన చెయ్యి వేరు. దీన్ని కూడా ఏకగ్రీవం అంటారా, దీనికి ఇంకేదైనా పేరుందా? అందరూ ఒకటే అన్నారు గానీ ఎవరూ ఎవరితోనూ అనలేదు.

పూల్‌సింగ్ ఇంట్లో కూడా అందరూ కత్తెరకే వేశారు. సోనికైతే సిగ్గులేదు, బాహాటంగానే చెబుతోంది. ‘నా ఓటు అక్కకే, మామ ఓటు కూడా అక్కకే. ఇంట్ల ఎవరూ ఉంగరానికి వెయ్యరని మామకు ఎరుకే, తనొక్కడు వేస్తే పట్టుబడ్తనని భయపడి అక్కకే వేసిండు’ అంది. ఆయన కాదనలేదు.

ఇక నువ్వు అడిగిన చాప. అది మడవలేదు. ఆ రోజు నుంచి కాంటా షెడ్డులో పరిచే ఉంది, మీద నా తువ్వాలు ఉంది. గెలలు దాని చుట్టూ పోస్తున్నారు. ఓట్లయ్యాక పూల్‌సింగ్, ‘మాట తేలిపోయింది, ఇగ మడువు’ అన్నాడు. ‘నా ఎదురు మాట ఎప్పుడో పోయింది నాయక్. ఇప్పుడు ఎదురున్నది ఆ ఒక్క ఓటు. అది ఎవరిదో వాళ్లే వచ్చి మడవాలె, పద్ధతి అది’ అన్నాను. అందరూ సరేనన్నారు. కానీ ఎవరూ రావడం లేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. చాప మీద కూర్చుని అన్ని మాటలన్నవాడు ఓటు మాత్రం కత్తెరకు ఎట్లా వేస్తాడని వాళ్ల లెక్క. సోమ్లి గెలిచిన సంతోషం నాకు లేకుండా పోయింది. ఆమె కూడా ఏమీ అడగడం లేదు.

లాలు


ఖమ్మం.

బావా,

నీ ఉత్తరం చదివి ఇంటి ముందు వాళ్లందరికీ మిఠాయి పంచాను. ఎందుకని అడిగితే చెల్లెలు సర్పంచి అయిందని చెప్పాను. ఈ వయసులో రోడ్డు మీద ఏడ్చిన పంతుల్ని చూడటం వాళ్లకూ కొత్త.

ఇక రెండో సంగతి. నిజం చెప్పు. ఆ ఒక్క ఓటు నీదేనా? చాప మీద ఉన్నవాడు తన మాట మీద ఉండాలని ఏదైనా మొండితనంతో వేశావా? అలా అయితే నాతో చెప్పు, ఎవరితోనూ అనను. కాకపోతే ఎవరిదో కనుక్కో. మా ఇంటి అల్లుణ్ని మీ తండా ఇలా చూడటం నాకు బాగాలేదు.

వీరన్న


తునికిబండ తండా.

అన్నా,

దండాలు. ఉత్తరం రాయడం నాకు అలవాటు లేదు, తప్పులుంటే దిద్దుకో. ఈ కవరు మీ బావ చేతికే ఇచ్చి అశ్వారావుపేటలో వేయమంటున్నాను. లోపల ఏముందో ఆయనకు తెలియదు. తెలిస్తే దారిలోనే ట్రాక్టరు ఆపి చదువుతాడు.

ముందు నీ సంగతి. చాప మీద ఆయన చెప్పిన మాటలు ఆయనవి కావు. ఆయన ఇంత పొందికగా నాతో పెళ్లయినప్పటి నుంచి ఎప్పుడూ మాట్లాడలేదు. మొదటి మాట వినగానే మా అన్న రాసిచ్చాడని తెలిసింది. చిన్నప్పుడు బళ్లో వ్యాసాలు ఇలాగే రాసేవాడివి. కోపం వచ్చింది. ఇంటికి వెళ్లి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను కూడా. నాలో ఉన్న మంచినంతా మీరిద్దరూ కలిసి పోగుచేసి అందరి ముందు పెట్టారు, అందరూ చూసి వద్దన్నారు. అంతకంటే ఏం కావాలి.

ఇప్పుడు ఆయన నీకు రాయనిది చెబుతాను. సోనిని పెడదామని అందరూ తల ఊపాక, ‘చాప మడువు లాలూ, అయిపోయింది’ అన్నాడంట నాయక్. ‘మోకాళ్లు పట్టేసినయ్, లేవరావట్లే’ అన్నాడంట మీ బావ. చీకటి పడే ముందు మళ్లీ అడిగారు. మళ్లీ మోకాళ్లే. చాప మడవకపోతే మాట తేలదు. మాట తేలకపోతే నామినేషన్ వేయొద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేరు. పొద్దున నేను టిఫిన్ పట్టుకుని వెళితే చాప మీద ముడుచుకుని పడుకున్నాడు. తిట్టడానికే వెళ్లాను. కళ్లు తెరిచి, ‘ఇంకా మడవలే. టైమ్ ఉంది, జల్దీ పో’ అన్నాడు. అంతే అన్నాడు. టిఫిన్ అక్కడ పెట్టి అటు నుంచి అటే వెళ్లి నామినేషన్ వేశాను. నన్ను లేపలేదని నీకు రాసి ఉంటాడు. ఆయన ఇంట్లో ఉంటే కదా లేపడానికి.

మాటలతో చెడగొట్టాడు, కూర్చుని నిలబెట్టాడు. నాకు ఆయన అంటే ఇష్టమన్నా. ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నాను. ఆయనతో అనకు.

ఇక ఆ ఒక్క ఓటు. అది నాది.

చీటీ చేతికిచ్చి అట్ట చాటుకు పంపారు. అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను. చాప లేదు, ఎదురుగా కూర్చునేవాళ్లు లేరు. తండా అంతా ఉంగరానికే వేస్తుందని నేను అనుకోలేదు, కత్తెరకే వేస్తుందనీ అనుకోలేదు. ఏమనుకోవాలో తెలియలేదు. కానీ ఎదురు ఒక్కరన్నా లేకుండా తేలిన మాట మా దగ్గర నిలవదు. నాకు అబద్ధం రాదన్న ఎదురు మాటకు ఆ రోజు ఒక్కరన్నా జవాబు చెప్పలేదే, అప్పటి నుంచి ఆ ఎదురు నాలోనే ఉంది. నేను సర్పంచి కావాలని నాకంటే ఎక్కువ ఎవరికీ లేదు కాబట్టి, నాకు అడ్డం చెప్పాల్సింది కూడా నేనే అనిపించింది. వంతెన గుర్తొచ్చింది. అయినా ఉంగరం మీద గుద్దాను. ఒక్క ఓటుతో ఓడిపోతే ఏం చేసేదాన్నో ఇప్పటికీ తెలియదు.

మీ బావకు చెప్పలేదు. తండా అంతా ఆయన వైపే చూస్తోందని నాకు తెలుసు. నాలుగు రోజులు చూడనీ. నీ మాటలు అరువు తెచ్చుకుని నా మీద చదివినందుకు ఆ మాత్రం పడాలి. ముద్దలు మాత్రం నిన్నటి నుంచి మళ్లీ లెక్కపెడుతున్నాను. మూడు ఎక్కువే తిన్నాడు.

వచ్చే సోమవారం నా ప్రమాణం. అది కాగానే కాంటా షెడ్డుకు వెళ్లి, ఆ తువ్వాలు తీసి ఆయన భుజాన వేసి, అందరూ చూస్తుండగా చాప నేనే మడుస్తాను. అప్పుడు ఆయన మొహం ఎట్లా ఉంటుందో చూడాలని ఉంది. నువ్వూ రా. వచ్చి ఆయన పక్కనే నిలబడు, పడిపోతే పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

నీ చెల్లెలు
సోమ్లి